మార్‌హైత్ రేవు

"చేయని పాపానికి పశ్చాత్తాపం ఎక్కణ్ణుంచి తెచ్చుకోను స్వామీ?" అని అడిగాడు ఆస్బర్ట్.

అడిగినవాడు కుర్రవాడేం కాదు. అరవై ఏడేళ్ళ మనిషి, నెల కిందటి దాకా ఇంగ్లండు రాజుగారి ఉద్యోగి. భార్య పోయాక పదవి వదులుకుని, కొత్త ప్రాంతానికి వచ్చి, ఎల్విన్ స్వామి అనే ఏకాంత సన్యాసి దగ్గర శిష్యుడుగా చేరాడు. మనసారా ఒక్క పాపమైనా ఒప్పుకుంటే గాని దీక్షావస్త్రం ఇవ్వనన్నాడు స్వామి. మూడు వారాలుగా వెతుక్కుంటున్నాడు ఆస్బర్ట్. ఏమీ దొరకలేదు. అప్పటికే గుండెనొప్పి మొదలైంది. వస్త్రం కట్టకుండానే పోతానేమోనని బెంగ.

ఆయన చేసిన ఉద్యోగం పేరు కరోనరు. ఎవరైనా హఠాత్తుగా చస్తే, శవం దగ్గర ఊరి పెద్దలను నిలబెట్టి విచారణ చేయాలి. మన పంచనామా లాంటిదే. ఆయన చూసిన శవాల్లో సగం తాగి కాలవలో పడ్డవాళ్ళవి, అది వేరే కథ. ఇంకో పని కూడా ఉంది. హంతకుడు చర్చిలో దూరితే పట్టుకోకూడదు. కరోనరే వెళ్ళి, నేరం ఒప్పించి, దేశం విడిచిపోతానని ప్రమాణం చేయించి, ఫలానా రేవులో ఓడ ఎక్కమని చెబుతాడు. వాడు గోనెపట్ట కట్టుకుని, ఉత్త కాళ్ళతో, చేతిలో కొయ్యసిలువతో అక్కడికి నడవాలి. ఓడ దొరికేదాకా రోజూ మోకాలిలోతు సముద్రంలోకి దిగి, దాటించమని కేక పెట్టాలి. కేక పెట్టినంతకాలం రాజరక్షణ. మానిన రోజున వాడి తల ఎవరు నరికినా అడిగే దిక్కు లేదు.

"తక్కిన కరోనర్లు కసికొద్దీ పదిరోజుల దూరంలో రేవు చెప్పేవారు స్వామీ. నేను అందరికీ మార్‌హైత్ చెప్పాను. రెండురోజుల నడక, కాళ్ళు పుళ్ళు పడకుండా చేరతారని. ఇరవై రెండేళ్ళలో ఒక్కడంటే ఒక్కడు తిరిగొచ్చి, ఇదేమిటని అడగలేదు."

"ఆ రేవు ఎప్పుడైనా చూశావా?"

"నాకక్కడ ఏం పని? నా ముందాయన పుస్తకంలో ఉంది, నేనూ అదే చెప్పాను."

ప్రశ్నకు వెంటనే బదులివ్వడం ఎల్విన్ స్వామి అలవాటు కాదు. ఏదో ఒక పని చెబుతాడు. "బుట్ట తీసుకో. బురదనేలలో ఉప్పుకూర కోసుకొద్దాం" అన్నాడు.

పొద్దు వాలేదాకా నడిచారు. ఒకచోట పాత రాతికట్ట వచ్చింది. ఓడలను కట్టే ఇనుపకడియాలు దానికి ఇంకా ఉన్నాయి. ఒకదానికి గొర్రెపిల్ల కట్టేసి ఉంది. కట్ట కింద నీళ్ళు లేవు. కనుచూపు మేర గడ్డి, ఆపైన బురద, ఎక్కడో దూరాన సముద్రం సన్నటి గీతలా. ఆ బురదలో మోకాలిలోతున, గోనెపట్ట కట్టుకున్న మనిషి ఒకడు చేతులెత్తి నిలబడి ఉన్నాడు. నోరు తెరుస్తున్నాడు, మాట రావడం లేదు.

"గట్టిగా అరవరా వాట్! మా గొర్రెలకు చెవుడు!" కట్టమీద కూర్చున్న కాపరి ఎగతాళి చేశాడు.

"ఇది ఏ ఊరు?" అన్నాడు ఆస్బర్ట్.

"మార్‌హైత్" అన్నాడు స్వామి.

బురదలోని మనిషి ఇటు తిరిగాడు. ఆస్బర్ట్ పదవి వదిలేముందు ఆఖరున పంపింది వాణ్ణే. వాడి ముఖం ఒక్కసారి వెలిగింది.

"దొరగారూ!" గొంతులోంచి గాలి మాత్రం వచ్చింది. "తమరే వచ్చారా! ఓడ తెచ్చారా?"

"ఇక్కడికి ఓడలు రావా?"

"వస్తాయని తమరే సెలవిచ్చారు కదా దొరా."

"మా అయ్య పెళ్ళినాడు వచ్చిందట ఒకటి" అన్నాడు కాపరి. "తర్వాత సముద్రమే వెళ్ళిపోయింది."

"మరి ముందు వచ్చినవాళ్ళు?"

కాపరి నవ్వు ఆపేశాడు. గొర్రెలు మేస్తున్న వైపు చెయ్యి చూపించాడు. గడ్డిలో కొయ్యసిలువలు, ఎవరు మోసుకొచ్చింది వాళ్ళ తలవైపు. "నేనూ మా అయ్యా పాతిపెట్టాం. వదిలేస్తే కుక్కలు వస్తాయి." ఆస్బర్ట్ లెక్కపెట్టబోయి, ఏడో ఎనిమిదో దగ్గర ఆగిపోయాడు.

"వీడి గొంతు పొద్దున్నే పోయింది. అదుగో, వీడు చంపినవాడి తమ్ముళ్ళు" అన్నాడు కాపరి. గట్టు మీద ఇద్దరు, మధ్యలో గొడ్డలి. "నీరెండ పడేదాకా చూస్తారట. కేక వినబడకపోతే దిగుతారట."

ఆస్బర్ట్ స్వామి వైపు తిరిగాడు. "కొత్త కరోనరుకు ఉత్తరం రాస్తాను స్వామీ. నేను పని నేర్పినవాడే. వేరే రేవు చెబుతాడు."

"పోను రెండు రోజులు, రాను రెండు రోజులు" అన్నాడు స్వామి. "పైగా నువ్వు నేర్పినవాడేగా. పుస్తకం తీసి చూస్తాడు."

"అయితే ఇప్పుడు నేనేం చెయ్యను? నా దగ్గర ముద్ర లేదు, అధికారం లేదు, ఏమీ లేదు."

బురదలో వాట్ ఇంకా ఇటే చూస్తూ, ఏదో ఏర్పాటు జరుగుతోందన్న నమ్మకంతో నిలబడి ఉన్నాడు. ఎండ పలచబడుతోంది. గట్టుమీది వాళ్ళలో ఒకడు లేచి, గొడ్డలి భుజాన వేసుకున్నాడు.

ఎల్విన్ స్వామి శిష్యుడి భుజం మీది బుట్ట అందుకున్నాడు.

"చెప్పులు విప్పు. నీ గొంతు ఇంకా బాగానే ఉంది కదా" అన్నాడు.