గుండ్రంగా తిరగాలనుకున్న కాలు

ఒకప్పుడు మనిషి చేతికీ కాలికీ దేని బుద్ధి దానికుండేది. చెయ్యి గుండ్రంగా తిరుగుతుంటే, కాలు ముందుకూ వెనక్కూ ఊగేది. ఎవరి పని వాళ్ళది. ఇంత హాయి ఎన్నాళ్ళు నిలుస్తుంది చెప్పండి?

గవరమ్మ అనే ఆవిడ రోజూ రుబ్బురోలు ముందు కూర్చునేది. పక్కనే చీర ఉయ్యాల, అందులో పసిబిడ్డ. ఉయ్యాల తాడు కొస గవరమ్మ కుడికాలి బొటనవేలికి కట్టి ఉండేది. కుడిచెయ్యి పొత్రం తిప్పి మినప్పప్పు రుబ్బేది, కుడికాలు ఉయ్యాల ఊపేది.

గారెలు తిన్నవాళ్ళంతా "ఎంత కమ్మని సెయ్యే గవరమ్మా నీది!" అనేవారు. బిడ్డ నిద్రపోతే బిడ్డనే మెచ్చుకునేవారు. "ఆహా, ఏం కాలు!" అన్న మహానుభావుడు ఒక్కడూ లేడు.

కాలికి ఒళ్ళు మండింది. "గుండ్రంగా తిరిగేవాళ్ళకే మర్యాదలన్నమాట. అయితే నేనూ తిరుగుతా" అంది.

"తిరుగు నాయనా, తిరుగు. పుట్టినప్పటినుంచీ తిరుగుతూనే ఉన్నా, ఎక్కడికైనా వెళ్ళానా?" అంది పొత్రం.

చెయ్యి మాత్రం తన వేళ్ళకంటిన పిండి చూసుకుని మురుస్తూ, "నీకెందుకమ్మా ఈ కళలు? పోయి మట్టి తొక్కుకో" అంది.

అంతే, కాలు గిర్రున తిరగడం మొదలెట్టింది. తాడు మెలిపడింది. చీర ఒక పక్కకి ఒరిగింది. బిడ్డ అంచుదాకా జారి కెవ్వుమంది. కాలు అది తన నాట్యానికి పడ్డ ఈల అనుకుంది.

"ఓలమ్మో, నా గుంట!" అంటూ గవరమ్మ పిండిచేతులతోనే బిడ్డను ఒడిసి పట్టుకుంది. అప్పుడు కూడా చెయ్యీ కాలూ, ఆ ఇద్దరు ఘనులూ, తప్పు నీదంటే నీదని వాదించుకుంటున్నారు.

"సాల్లెండర్రా! మీ గొప్పలకి నా గుంట పేణం పోయుండేది. ఇంక మీకు ఏరే బుద్దులొద్దు. ఒకరెటు తిరిగితే రెండోవోరూ అటే తిరగండి!" అంది గవరమ్మ.

కడుపు మండిన తల్లి మాట ఊరికే పోతుందా? కాలికి కోరుకున్న తిరుగుడు దక్కింది, సొంత బుద్ధి పోయింది. చెయ్యి పకపకా నవ్వబోయింది గానీ, కాలు వంకర పోగానే తనూ వంకర పోయింది. గవరమ్మ మాత్రం పాపం, రుబ్బేటప్పుడు ఊపలేక, ఊపేటప్పుడు రుబ్బలేక ఒక్కో పనీ విడిగా చేసుకుంది.

అప్పటినుంచే, కుర్చీలో కూర్చుని కుడికాలు ఒకవైపు, కుడిచెయ్యి రెండోవైపు తిప్పబోతే, ఎంత చదువుకున్నవాళ్ళ కాలైనా సరే, సిగ్గు లేకుండా చెయ్యి వెంటే పోతుంది.