పిడకల గోడకి సున్నం కొట్టిన కథ

అనగనగా కాలవ పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో ఇళ్ళు భుజాలు రాసుకుని నిలబడ్డ ఒక ఇరుకు సందులో మంగాయమ్మ అనే ఆవిడ ఉండేది. ఇటు తిరిగి పడుకో నాన్నా, దుప్పటి కాళ్ళ మీదికి లాక్కో. ఆఁ, అలాగ.

మంగాయమ్మ లేసు అల్లేది. కొక్కెం సూదితో తెల్లదారాన్ని ఇలా లాగి, అలా మెలేసి, చేమంతి పువ్వులు తీసేది. ఊళ్ళో ఆడవాళ్ళంతా అరుగుల మీద కూర్చుని అల్లుకునేవారు. మంగాయమ్మకి ఆ వీలు లేదు. వాళ్ళత్తగారు మంచం పట్టింది. పిలిస్తే పలకడానికి పక్కనే ఉండాలి కదా. అందుకని ఆ గదిలోనే, ఉన్న ఒక్క కిటికీకి వీపు పెట్టి కూర్చునేది. వెలుగు భుజం మీంచి వచ్చి ఒళ్ళో పడాలి, అప్పుడే దారం కనిపిస్తుంది.

కిటికీ బయట ఏముంది? పక్కింటి నూకాలు గేదె పాక గోడ. గోడ నిండా పిడకలు. నూకాలు ఒంటిమనిషి. ఆ ఒక్క గేదె పాలూ పిడకలూ అమ్ముకునే బతికేది. పొద్దున్నే పేడ ముద్ద చేసి గోడకేసి టప్పుమని కొట్టేది. ఒక్కో పిడకా గుండ్రంగా, మధ్యలో చేతి గుర్తుతో, మొన్న నువ్వు నా చేత దిద్దించిన ఠ అక్షరంలా ఉండేది.

మంచంలో అత్తగారు రోజూ కిటికీ వంకే చూసేది. "ఇవాళ పువ్వు భలే కుదిరిందే మంగా" అనేది. తన లేసు గురించేననుకుని మంగాయమ్మ, "మీ కళ్ళకి ఇంతదూరం ఆనుతుందా అత్తయ్యా!" అని నవ్వేది.

ఒకరోజు లేసులు కొనే ఆవిడ వచ్చింది. కిటికీ వంక చూసి ముక్కు మూసుకుంది. "ఏంటమ్మా ఇది! పేడగోడ ముందు కూర్చునా ఇంత తెల్ల లేసు అల్లుతున్నావు? ఈగ వాలితే మరక పడదూ?"

మంగాయమ్మకి తల కొట్టేసినట్టయింది.

అప్పుడేం చేసింది? మిగిలిన దారంతో దట్టంగా ఒక తెర అల్లి కిటికీకి కట్టేసింది. గోడ కనపడలేదు. వెలుగూ సగం చచ్చింది. "నా కిటికీ మూసేశావేమే" అని గొణిగింది అత్తగారు. "పేడలో ఏముంది అత్తయ్యా చూడ్డానికి!" అంది మంగాయమ్మ.

ఆ తర్వాత ఇంటికప్పులో ఒక పెంకు తీయించి, గాజు పెంకు పెట్టించింది. వచ్చింది వెలుగు, పీటంత! కానీ అది ఒకచోట నిలవదే. పొద్దున్న బియ్యం డబ్బా మీద, మధ్యాహ్నం గది నడుమ, సాయంత్రానికి గోడెక్కి కూర్చునేది. మంగాయమ్మ పీట పట్టుకుని దాని వెనకాలే జరుగుతూ ఉండేది. "వెలుగుతో దాగుడుమూతలాడుతున్నావుటే!" అని అత్తగారు పకపకా నవ్వేది. మంగాయమ్మకి నవ్వు రాలేదు. కుట్లు తప్పుతున్నాయి. లేసులావిడ అల్లినవి వెనక్కి ఇచ్చేస్తోంది. లేసు లేకపోతే అత్తగారికి మందెక్కడిది, ఇద్దరికీ ముద్దెక్కడిది?

అప్పుడు ఆవిడకి తోచింది. ఎదురుగోడ తెల్లగా ఉంటే, దాని మీద పడ్డ ఎండ గదిలోకి దూకదూ? నూకాలు దగ్గరికి వెళ్ళింది.

"నూకాలూ, నీ గోడకి సున్నం కొట్టించుకుంటానే. దాని మీద పిడకలు మానెయ్యవూ?"

నూకాలు పేడ చేతులు గడ్డికి తుడుచుకుంది. "మరి నేనెక్కడ కొట్టుకోను వదినా?"

"కాలవగట్టు అంత పొడుగుంది కదే!"

నూకాలు కాసేపు గోడ వంక చూసింది. "సరేలే. నీ కళ్ళు పోతే ఆ పువ్వులు ఇంకెవరు అల్లుతారు?" అంది. "ఆ తెర మాత్రం తీసెయ్యి వదినా."

"తీస్తాలే" అంది మంగాయమ్మ.

నూకాలే పిడకలు ఊడదీసి, గోడ గీకి, తన చేత్తో తనే సున్నం కొట్టింది. తెర ఉన్నా సరే, గదిలోకి వెలుగు పాలు పొంగినట్టు వచ్చేసింది. మంగాయమ్మ సంబరానికి అంతులేదు. తెర సంగతి మర్చిపోయింది. మర్చిపోయిందంటే... రేపు తీద్దాం, ఎల్లుండి తీద్దాం అనుకుంది.

నూకాలు గంప నెత్తిన పెట్టుకుని కాలవగట్టుకి పోయేది. అక్కడ కొట్టిన పిడకల్ని ఒకరోజు పశువులు తొక్కాయి. ఇంకోరోజు ఎవరో ఎత్తుకుపోయారు. ఆ తర్వాత వానలు పట్టుకుని, మిగిలినవి కరిగి కాలవలో కలిసిపోయాయి. మంగాయమ్మ ఇవన్నీ వింది. "అయ్యో పాపం" అంది. సూది మాత్రం ఆపలేదు.

ఆఖరికి నూకాలు గేదెని సంతకి తోలేసి, అన్నగారి ఊరు బయల్దేరింది. వెళ్ళేముందు కిటికీ దగ్గరికొచ్చి, "వదినా, వెళ్ళొస్తా" అంది. "మంచిదే, వెళ్ళిరా" అంది మంగాయమ్మ, తెర ఇవతలనుంచే, తల తిప్పకుండా. ఆ వరసలో కుట్లు లెక్కపెట్టుకుంటోంది మరి.

వానలు వెలిశాక, ఉతుకుదామని తెర విప్పింది.

"అదిగో! మళ్ళీ వచ్చింది!" అంది అత్తగారు.

"ఎవరత్తయ్యా? నూకాలా?"

"పువ్వే!"

మంగాయమ్మ వెళ్ళి అత్తగారి పక్కన మంచం మీద కూర్చుని, మొదటిసారి అక్కణ్ణించి చూసింది. వానకి సున్నం నాని, ఏళ్ళతరబడి ఒకేచోట కొట్టిన పిడకల మరకలు పైకి తేలాయి. నడుమ ఒక గుండ్రం. చుట్టూ రేకులు. రేకుకీ రేకుకీ మధ్య బుల్లి బుల్లి చుక్కలు. అచ్చం తన లేసు చేమంతి!

"నీ భుజం మీంచి నీ ఒళ్ళోకి చూసి కొట్టేదే పిచ్చి నూకాలు. వంకర పోతే ఊడదీసి మళ్ళీ కొట్టేది. అయ్యాక నీ వంక చూసేది, ఒక్కసారన్నా వెనక్కి తిరుగుతావేమోనని" అంది అత్తగారు. "నేను రోజూ చెప్పలేదుటే, పువ్వు భలే కుదిరిందని?"

మంగాయమ్మ చేతులు ఒళ్ళో ఊరికే ఉండిపోయాయి.

ఆ తర్వాత కబురు పెట్టింది, "నీ గోడ నీకుంది, వచ్చి కొట్టుకోవే" అని. గేదె లేనిదే పిడకలెక్కడివి? నూకాలు రాలేదు. మంగాయమ్మ మరి తెర కట్టలేదు, గోడకి సున్నమూ కొట్టనివ్వలేదు. కిటికీకి వీపు పెట్టడం మానేసి, పక్కకి తిరిగి కూర్చునేది. రెండు కుట్లు అల్లేది, ఒకసారి గోడ చూసేది. వానకో రేకు చెరిగిపోయింది. చివరికి నడిమి గుండ్రమూ పోయింది. గది నిండా బోలెడు వెలుగు. కిటికీలోంచి చూస్తే ఉత్త గోడ.

లేదు నాన్నా, నూకాలు మళ్ళీ ఎప్పుడూ రాలేదు. కళ్ళు మూసుకో.

గేదె సంతకి పోయింది,
పువ్వు వానకి పోయింది,
కథ కంచికి పోయింది,
మనింటికి నిద్ర వచ్చింది.