ఒంటికన్ను స్తంభం, చుక్కమ్మ కుళ్ళు

ముందే చెప్పేస్తున్నాను, నేనింతవరకు ఏదీ రాసినదాన్ని కాను. తప్పులు దొర్లితే ఈ కథలో గేదె మీదికి తోసెయ్యండి, దాని ఒళ్ళు గట్టిది.

రోడ్డుకి ఇటు పశువుల దొడ్డి, అటు కాలువ. దొడ్లో నుదుట తెల్ల చుక్కతో ఒక గేదె ఉండేది. పేరు చుక్కమ్మ. పొద్దున్నే మేత కాగానే పోయి రోడ్డు మలుపులో అడ్డంగా పడుకుని నెమరేసేది. కార్లూ లారీలూ కీచుమని ఆగేవి. డ్రైవర్లు హారన్లు కొట్టేవాళ్ళు, తిట్టేవాళ్ళు, దిగొచ్చి అదిలించేవాళ్ళు. చుక్కమ్మ చెవి కూడా కదిపేది కాదు. ఆ సందులో బాతు పోలమ్మ తన ఏడుగురు పిల్లల్నీ వరసగా కాలువ రేవుకి దాటించుకునేది.

"నీ కడుపు చల్లగా, అత్తా!" అనేది పోతూ పోతూ.

ఆ ఒక్క మాట కోసమే చుక్కమ్మ ఎండలో పడుకుంటుందని ఎవరికీ తెలీదు.

ఇలా ఉండగా మనుషులొచ్చి మలుపు దగ్గర ఓ స్తంభం పాతారు. దానికో పలక, పలక మీద కెమెరా. బండి వస్తే చాలు, దాని స్పీడు ఎర్రంకెల్లో వెలిగేది. కింద "నెమ్మదిగా పొండి" అని ఇంత లావు అక్షరాలు.

రేవు పక్క తాటిచెట్టు మీదుండే కాకి పోయి దాని నెత్తినెక్కి కూర్చుంది. "చూశారా! దీనికీ ఒంటికన్నే, నాకూ ఒంటికన్నే. మేం చుట్టాలం. ఇకనించి రోడ్డు మాది!"

బండ్లు స్తంభాన్ని చూసి నిజంగానే తగ్గాయి. పోలమ్మ తెరిచిన ముక్కు తెరిచినట్టే ఉండిపోయింది. "అబ్బ, ఎంత గొప్పదో! మేత అడగదు, పేడ వెయ్యదు!"

"టెక్నాలజీ అంటే అదే మరి. ఇంక ఆ ముసలి గేదె ఎందుకూ, రోడ్డుకడ్డం!" అంది కాకి.

చుక్కమ్మ ఉండబట్టలేక అడిగింది. "ఏమే పోలీ, రేపట్నించి నన్ను రమ్మంటావా, వద్దా?"

"పెద్దదానివి, నీకెందుకత్తా శ్రమ? హాయిగా నీడన పడుకోరాదూ!"

మంచి మాటే. చుక్కమ్మకి మాత్రం పుండు మీద కారం చల్లినట్టయింది. ఏరు దాటి తెప్ప తగలేసిందే! కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అన్నారా!

మూడు రోజులు కంచె పక్కన నిలబడి స్తంభాన్నే చూసింది. నోట్లో పచ్చగడ్డి చేదెక్కింది. "ఏముందిట దాంట్లో? కొమ్ములున్నాయా? నుదుట చుక్కుందా?"

మెచ్చుకునేవాళ్ళకి కనపడనివి కుళ్ళుకునేవాళ్ళకి కనపడతాయి. బండ్లు స్తంభం ముందు పిల్లిలా నడుస్తున్నాయి. స్తంభం దాటగానే, పోయిన టైము రాబట్టుకోవాలన్నట్టు, బాణంలా దూసుకుపోతున్నాయి. బైకుల కుర్రాళ్ళయితే పలక మీద ఎవరి అంకె పెద్దదో అని పందేలు! "అత్తగారు చూసినంతసేపే కోడలి చీపురు" అనుకుంది చుక్కమ్మ.

పిల్లలు దాటే రేవు ఉన్నది స్తంభం దాటి నలభై అడుగుల్లోనే. ఆ సంగతి పోలమ్మకి చెప్పాలి. చెప్తే అత్త కుళ్ళుకుంటోందని కాకి నవ్వుతుంది. "పోనీ, ఓసారి తగిలితే తెలిసొస్తుంది" అని కూడా అనుకుంది, సిగ్గు లేకుండా.

నాలుగో రోజు తగలనే తగిలింది. కడగొట్టు పిల్ల తోకని కారు చక్రం ఒరుసుకుపోయింది. నాలుగు ఈకలూడాయి, ప్రాణం మిగిలింది. పోలమ్మ గొల్లుమంది. చుక్కమ్మ నెమరు వదిలేసి కంచె దాటింది.

"పిల్లదే తప్పు. స్తంభం దగ్గర ఆ కారు మెల్లగానే వచ్చింది, నేను సాక్ష్యం!" అంది కాకి.

చుక్కమ్మ రోడ్డు మీదికొచ్చింది. "కాకి బావా, మీ చుట్టం చూపు ఎందాకా ఆనుతుంది?"

"కాలువ దాకా!"

"అయితే అదిగో, లారీవాళ్ళు విసిరేసిన గారె. రేవుకెదురుగా నడిరోడ్డు మీద కూర్చుని తిను. బండొచ్చినా లేవకుండా తిన్నావా, రేపట్నించి నీ చుట్టానికి నేనే దణ్ణం పెడతా."

గారె అంటే కాకికి ప్రాణం, గొప్ప అంటే అంతకన్నా ఎక్కువ. పోయి కూర్చుంది. వ్యానొకటొచ్చింది. పలక మీద ఇరవై ఎనిమిది వెలిగింది.

"చూశావా మా వాడి తడాఖా!" అని కాకి ఇటు తిరిగేలోపు స్తంభం దాటిన వ్యాను బుర్రుమంది. "కావ్!"

గారె నుజ్జయింది. తోకలో మూడీకలు రోడ్డు మీద మిగిలాయి. కాకి తాటిచెట్టెక్కి వణుకుతూ, "అది మా చుట్టం కాదు! దానిది గాజుకన్ను!" అంది.

పోలమ్మ గేదె వైపు తిరిగింది. "నీకు ముందే తెలుసా అత్తా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

చుక్కమ్మ తల దించుకుంది. "కుళ్ళే తల్లీ. నువ్వు దాన్ని పొగుడుతుంటే నోరు రాలేదు."

పోలమ్మ పిల్ల తోక నిమురుతూ అడిగింది. "నిన్ను చూస్తే మాత్రం ఎందుకాగుతారత్తా? జాలా?"

"జాలీ లేదు, గీలీ లేదు. నన్ను గుద్దితే వాళ్ళ బండి సొట్టపోతుంది. బోర్డుకి బెదరని బండి బంపరు కోసం ఆగుతుందే, పిచ్చిదానా."

మర్నాడు పొద్దున్నే చుక్కమ్మ మేత సగంలో వదిలేసి, స్తంభం దాటి, సరిగ్గా రేవుకెదురుగా, స్తంభానికి వీపు పెట్టి పడుకుంది. హారన్లు మోగాయి. ఏడుగురు పిల్లలూ దాటారు.

"నీ కడుపు చల్లగా, అత్తా!" అంది పోలమ్మ.

"ఇంకొంచెం గట్టిగా అనవే," అంది చుక్కమ్మ, "ఆ స్తంభానికి కూడా వినపడాలి."