సూరమ్మకు ఎవరు చెప్తారు?

పార్థివ నామ సంవత్సరం, శ్రావణ మాసం. అనగనగా ఒక అడవిలో పదకొండు రోజులు వదలకుండా వాన కురిసింది. ఏరు పొంగింది. ఒక తాటిదోనె కొట్టుకొస్తుంటే అడవిపిల్లి, ముంగిస, కుందేలు, ఏదుపంది నలుగురూ అందులోకి ఎక్కేశారు. మొసలి రాలేదా అని అడక్కండి పిల్లలూ. రాలేదు.

ఆ దోనె ముగ్గురైతే తేలుతుంది. నలుగురైతే మునుగుతుంది. అప్పటికే నీళ్లు అంచు దాటి లోపలికి వస్తున్నాయి.

అడవిపిల్లి అందరినీ ఎగాదిగా చూసి, ఏదుపందే బరువని తేల్చింది. ఒకడు పోతే ముగ్గురు బతుకుతారు, లేకపోతే నలుగురూ పోతారు, ఇందులో ఆలోచించడానికేముంది అంది. ముంగిస తోయబోయి, అరచేతిలో మూడు ముళ్లు గుచ్చుకుని వెనక్కి వచ్చింది. నువ్వే దూకితే మర్యాదగా ఉంటుంది మావా అని బతిమాలింది.

ఏదుపంది అంచు దగ్గరికి జరిగింది.

"దూకుతాను. మరి మా సూరమ్మకు ఎవరు చెప్తారు?"

ఆ అడవిలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరివల్ల ప్రాణం పోయిందో వాళ్లే పోయినవాళ్ల గడపకు వెళ్లి, నావల్లే పోయిందని నోటితో చెప్పాలి. పైగా సూరమ్మ ముళ్లు మొగుడి ముళ్లకంటే జానెడు పొడుగు.

ముంగిస తనకు ఆ దారి తెలియదంది. కుందేలు, ఆమె పెట్టిన దుంపలు తిన్న నోటితో ఆ మాట చెప్పలేనంది.

"ఏరు తీసుకుపోయిందని చెబుదాం," అంది అడవిపిల్లి.

"తోసేది ఏరు కాదుగా అల్లుడూ," అంది ఏదుపంది.

అప్పుడు కుందేలు నోరు విప్పింది. "ఒకరు నీళ్లలో ఉండాలి, నిజమే. ఎప్పుడూ ఒక్కరే ఎందుకుండాలి? అంచు పట్టుకుని వంతులవారీగా దిగుదాం. ముందు నేను."

దిగింది. తర్వాత ముంగిస దిగి గడగడ వణికింది. ఆ తర్వాత ఏదుపంది దిగి, హాయిగా ఉందని అబద్ధమాడింది. అడవిపిల్లి వంతు వచ్చింది. దానికి నీళ్లంటే చచ్చేంత భయం. కడుపునొప్పి అంది. కుందేలు మారు మాట్లాడకుండా మళ్లీ దిగింది.

అప్పుడే ఒక దుంగ కొట్టుకొచ్చి దోనెను గుద్దింది. మధ్యలో కుందేలు కాలు పడింది.

పొద్దు వాలకముందే దోనె ఒడ్డుకు తగిలింది. ముగ్గురూ కుందేలును మోసుకుని వాళ్లమ్మ గడపకు వెళ్లారు. పోయింది ప్రాణం కాదు కదా, చెప్పక్కర్లేదేమో అని ముంగిస గొణిగింది. అడవిపిల్లి ముందుకు వచ్చి, తల ఎత్తకుండా చెప్పింది.

"వంతు నాది అత్తా. కడుపునొప్పి అబద్ధం. దీని కాలు నావల్లే పోయింది."

నలుగురూ బతికారు. కుందేలుకు ఆ రోజు నుంచి మూడు కాళ్లు.

నీతి: ఒకరిని బలిచ్చి అందరినీ కాపాడదాం అనే ముందు, ఆ ఇంటి గడప దగ్గర నిలబడి "నావల్లే" అని చెప్పగలవో లేదో చూసుకో.