పింగళమ్మ పిల్ల, రెండు మాటలు

పంట కాలువ గట్టున కోళ్లదొకవైపు, బాతులదొకవైపు. ఒకరి మాట ఒకరికి తెలియదు. బాతులు కుదురుగా పొదగవని యజమానురాలు ఒక బాతు గుడ్డును పింగళమ్మ అనే కోడిపెట్ట కింద పెట్టింది. అందులోంచి పుట్టింది బుడ్డి. ఇంట్లో కోడి భాష, కాలువలో బాతు భాష. పాపం, నోరు తెరిస్తే కొక్కొక్‌తో మొదలై క్వాక్‌తో ముగిసేది.

పుంజుకి తల కొట్టేసినట్టయింది. "పరువు తీస్తోందే నీ కూతురు!"

ఆ మాట కంచె అవతల నక్క వింది. దాని బాధ వేరు. అది రెల్లులో పొంచి ఉంటే ముందు చూసేవి బాతులే. వాటి అరుపులు కోళ్లకు అర్థం కావు కాబట్టే ఇన్నాళ్లూ దాని పొట్ట గడుస్తోంది. ఈ పిల్ల రెండూ నేర్చిందా, ఇక పస్తే!

"చెల్లెమ్మా," అంది తేనె పూసినట్టు, "రెండు భాషలు పసిబుర్రలో కొట్టుకుంటాయమ్మా. చివరికి ఏదీ రాదు. కాలువకి పంపడం మానెయ్."

"విన్నావా? పెద్దమనిషి చెబుతున్నాడు," అంది పుంజు.

పింగళమ్మ రెక్కలు విదిల్చింది. "పిల్ల ఇద్దరత్తల పేర్లు తారుమారు చేసిందని ఒక అత్తను ఇంటికి రావద్దంటామా? నేను మానిపించను. అదే విడదీసుకుంటుంది."

నీళ్లంటే గుండె జారిపోయే ఆ తల్లి, పిల్ల ఒంటరిగా వెళ్లిరావడం నేర్చుకునేదాకా రోజూ గట్టున కాపలా కాసింది. పుంజు తనతో మాట్లాడటం మానేసినా ఆమె పంతం వదల్లేదు.

ఒక మధ్యాహ్నం కోళ్లు కళ్లంలో గింజలు ఏరుకుంటుంటే నక్క రెల్లులో దూరింది. బాతులు గోలగోలగా అరుస్తూ నీళ్లలోకి దూకాయి.

"మళ్లీ పోట్లాడుకుంటున్నాయి," అని పుంజు విసుక్కుంది.

గట్టు మీదున్న బుడ్డి కూడా దూకేయొచ్చు. దూకలేదు. కళ్లం వైపు పరుగెత్తింది.

"అమ్మా! రెల్లులో నక్క! వామెక్కండి!"

అచ్చమైన కోడి భాష, ఒక్క బాతు ముక్క లేదు. కోళ్లన్నీ గడ్డివాము మీదికి ఎగిరాయి. ఎగరలేని బుడ్డి కింద మిగిలిపోయింది. నక్క దాని వెంట పడింది.

కాలువలోంచి బాతులు తమ భాషలో కేకేశాయి. "తూము దగ్గర లోతుంది, అటు దూకు!"

బుడ్డి ఒక్క ఉదుటున అటే దూకింది. వెనకే వచ్చిన నక్క గట్టు జారి బురదలో పీకల్దాకా దిగబడింది.

"దీనికి ఏ మాటా సరిగా రాదన్నారే!" అని మూలిగింది.

"అన్నది నువ్వే కదన్నా," అంది పింగళమ్మ వాము మీంచి. "కర్రలు పట్టుకుని మనుషులొస్తున్నారు, త్వరగా లే."

నీతి: పసిబిడ్డ చేత ఒక భాష మానిపించమని ఎవరైనా సలహా ఇస్తే, ముందు ఆ సలహాదారు కోరలు చూడండి.