కంపురోగానికి నక్క వైద్యం

నవ్వనంటేనే చెబుతాను. ఇప్పుడు నాకు జానెడు గడ్డం ఉంది, కొమ్ములు మెలి తిరిగాయి, మందలో నలుగురూ పక్కకి తప్పుకుని దారిస్తారు. కానీ పుట్టిన ఆరో నెలలో నాకంటే వెర్రివెధవ మా గుట్ట మీద ఇంకో మేక లేదు.

ఆ నెల రాగానే నా ఒళ్ళు నా మాట వినడం మానేసింది. కొమ్ముల మొదట్లో ఒకటే దురద. గొంతు విప్పితే సగం మేక, సగం కప్ప. గడ్డం కింద మూడంటే మూడు వెంట్రుకలు. వీటన్నిటికీ తోడు కంపు! మా చెల్లెలు చుక్క ముక్కు చిట్లించి, "అన్నా, కాస్త అటు పోయి పడుకోరాదూ" అంది. అప్పట్నుంచి గుట్ట చివర ఒంటరిగా మేసేవాణ్ణి. చచ్చిపోతానేమోనని భయం, ఎవరికైనా చెప్పాలంటే సిగ్గు.

మా అమ్మ బొల్లి రోజూ అడిగేది.

"ఏమైందిరా కన్నా?"

"ఏం లేదు."

"మేత సయించట్లేదా? పిచ్చి ఆకులేమైనా తిన్నావా? వద్దని చెప్పానా లేదా? మీ పెద్దమ్మ కొడుకుని చూడు, ఎంత బుద్ధిగా..."

"ఏం లేదన్నానా!"

నాన్న సంగతి ఇంకా ఘోరం. "నీ వయసులో నేను" అని మొదలుపెడితే, ఆయన ఎక్కిన గుట్టలన్నీ దిగేసరికి పొద్దు వాలేది.

ఒంటరిగా మేస్తుంటే గుట్ట చివర పలకరించిన నక్కమామ మాత్రం ఒక్కసారి కూడా అడ్డు రాకుండా అంతా విన్నాడు. చివర్న కళ్ళు తుడుచుకుని, "నీ బాధ మీ ఇంట్లో వాళ్ళకి అర్థం కాదు అల్లుడూ" అన్నాడు. అంతే, నేను పడిపోయాను.

"ఇది కంపురోగం. రెండు రోజుల్లో మీ చెల్లెలికి అంటుకుంటుంది."

"అయ్యో! మందు లేదా మామా?"

"రేపు మధ్యాహ్నం వాగు దగ్గర వావిలి పొదలోకి రా. కళ్ళు మూసుకుని మెడ చాచు. పట్టు వేస్తాను."

"మెడకా?"

"మెడకే. ఇంట్లో మాత్రం చెప్పకు. చెబితే మందు పనిచెయ్యదు."

నక్క మెడ చాచమంటే సరేనన్న మేకని మీరెప్పుడైనా చూశారా? ఇదుగో, తనివితీరా చూడండి.

మర్నాడు మధ్యాహ్నం మందంతా తుమ్మల నీడలో నెమరేస్తోంది. చెల్లెలి కోసం వెళ్తున్న త్యాగమూర్తిని కదా, అమ్మ పక్కన కూర్చుని గొంతు గద్గదం చేసుకున్నాను.

"అమ్మా, నాకేమైనా అయినా నువ్వు మేత మానకు."

అమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. వంద ప్రశ్నలు నాలుక చివరికొచ్చాయని ముఖం చూస్తేనే తెలిసింది. సరిగ్గా అప్పుడే ఆవిడ నోటినిండా నెమరు. మింగలేదు, ఉమ్మలేదు. "ఊఁ?" అంది.

ఆ ఊఁ ఎంత హాయిగా ఉందో! దురద సంగతి చెప్పాను. ఊఁ. కంపు సంగతి చెప్పాను. ఊఁ. "చచ్చిపోతానని భయంగా ఉందమ్మా" అని బావురుమన్నాను. ఆ ఏడుపులో నక్క మాట కూడా బయటికొచ్చేసింది.

అమ్మ గుటుక్కున మింగి, "ఏమండీ! ఇలా రండి!" అని కేకేసింది.

నాన్న వచ్చి నన్ను వాసన చూసి తల దించుకున్నాడు. "ఇది రోగం కాదురా. వయసొస్తే ప్రతి మేకపోతుకీ వచ్చే వాసనే. పోతుందేమోనని నేనూ నెల్లాళ్ళు వాగులో దొర్లాను."

"గుట్టల కథలన్నీ చెప్పావు, ఇదెందుకు చెప్పలేదు?"

"సిగ్గేసిందిరా."

అంత పెద్ద కొమ్ములున్న మేకపోతుకి సిగ్గేమిటి! ఏడుస్తూనే పకపకా నవ్వేశాను. ప్రాణం లేచొచ్చింది.

"నువ్విక్కడే ఉండు" అని నాన్న వాగు వైపు నడిచాడు. నేనుంటానా? బండ చాటు నుంచి చూశాను. నాన్నదీ అదే కంపు కదా, పొదలో ఉన్న నక్క పోల్చుకోలేకపోయాడు.

"వచ్చావా అల్లుడూ? మెడ చాచు."

"చాచాను బావా" అని నాన్న కొమ్ములు దించి ఒక్క ఉరుకు ఉరికాడు. నక్క ఎగిరి వాగులో పడ్డాడు. లేచి, తోక ఈడ్చుకుంటూ, వెనక్కైనా చూడకుండా కుంటుకుంటూ పోయాడు.

నాలాంటి వెర్రి మేకకే అర్థమైంది, మీకు కాకపోదు: ఇంట్లో చెప్పొద్దని ఎవరైనా అన్న మాటే, ఇంట్లో ముందుగా చెప్పాల్సిన మాట.