ఇసుకలో పడవ ప్రయాణం

ఒకానొక రాజ్యంలో రాజధాని పక్కన ఒక ఏరుండేది. ఇరవయ్యేళ్ల కిందటి వరదకు అది ఆమడ దూరం జరిగిపోయింది.

ఆ సంగతి గజకేసరి మహారాజు పెట్టిన నావికశాలకు ఇంకా అందలేదు. అక్కడ మూడేళ్లు ఇసుకలో తెడ్డు వేయించి పట్టా ఇచ్చేవారు. పట్టా తీసుకున్నవాళ్లు తెడ్డును అటకెక్కించేవారు.

ఎండిన ఏటి దారిలో ఎడ్లబళ్లు తిరిగేవి. చక్రం విరిగితే బాగుచేసేది వడ్ల కొండమ్మ ఒక్కతే. ఆమె పాకలో నలుగురు పని నేర్చుకుంటున్నారని రాజుకు తెలిసింది.

"మా పట్టా లేకుండా విద్య నేర్పడమా? రేపు నావికశాల ఉత్సవం కాగానే ఆ పాక మూయించండి."

కొండమ్మ ఆస్థాన విదూషకుడు తిప్పన దగ్గరికి పోయింది. "నువ్వైనా చెప్పు నాయనా. నలుగురి నోటికాడి కూడు."

"నా మాటకేం విలువమ్మా? ఆ శాలలో ప్రథముణ్ణి నేనే. ఈత కూడా రాదు," అన్నాడు తిప్పన.

ఉత్సవం నాడు రాజు ఇసుకలోని పడవెక్కి కూర్చోవాలి, గంట మోగేదాకా ఒక ప్రథముడు తెడ్డు వేయాలి. అది ఆచారం. ఈసారి తెడ్డు తిప్పన పట్టాడు. గంట మోగింది.

"ప్రభూ, అవతలి ఒడ్డు చేరాం. దిగండి."

రాజు దిగి, భోజనానికి కోటవైపు అడుగేశాడు. తిప్పన అడ్డంగా నిలబడ్డాడు.

"కోట మనం బయల్దేరిన ఒడ్డునే ఉండిపోయింది ప్రభూ. పడవ మళ్లీ రేపే."

"పది అడుగులు. నడిచిపోతాను."

"మునిగిపోతారు."

"ఏరెక్కడుందిరా, మునగడానికి?"

"ఇరవయ్యేళ్లుగా అందరికీ తెలిసిందే ప్రభూ," అన్నాడు తిప్పన. "కానీ ఆ మాట అనడానికి మాలో ఎవరికీ పట్టా లేదు."

రాజు తన కాళ్లకంటిన ఇసుక చూసుకున్నాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. "ప్రతి ఏడూ ఒళ్లు తడవకుండా దాటించారని మెచ్చుకునేవాణ్ణి కదరా." చేతి కంకణం తీసి తిప్పనకు తొడిగాడు. పాక మూయొద్దనీ, శాలే పాకకు వెళ్లి నేర్చుకోవాలనీ ఆజ్ఞాపించాడు.

మర్నాడు కొండమ్మ ముందు ఇద్దరు కొత్త శిష్యులు కూర్చున్నారు.

"ఆ కంకణం తీసి పక్కన పెట్టు నాయనా, సుత్తికి అడ్డం," అంది తిప్పనతో.

రెండోవాడు కిసుక్కున నవ్వాడు.

"తమరు నవ్వకండి ప్రభూ. ఉలి తిరగేసి పట్టుకున్నారు."